తిట్లు తిన్న పనితనం

ఏదో పనిలో ఉండగా తెర ఉన్నట్టుండి మసకబారుతుంది. నట్టనడుమ ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ఫలానా ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో మార్పులు చేస్తానంటోంది, సరేనా అని అడుగుతుంది. విండోస్ వాడేవాళ్లలో ఈ ప్రశ్నకు విసుక్కోనివాళ్లు అరుదు. చదివి జవాబు చెప్పేవాళ్లు ఇంకా అరుదు. దీని పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్, పొట్టిగా యూఏసీ. 2007 జనవరి 30న విండోస్ విస్టాతో పాటు ఇళ్లలోకి వచ్చింది. వచ్చీ రాగానే ఆపిల్ కంపెనీ తన టీవీ ప్రకటనలో దీన్ని ఆటపట్టించింది. అందులో పీసీ వేషం కట్టిన మనిషి వెనకాల నల్ల సూటు, నల్ల కళ్లద్దాల అంగరక్షకుడొకడు నిలబడి, ఆయన ఒక్కో మాట అనేటప్పటికల్లా 'ఆపాలా, కానివ్వాలా' అని అడ్డం పడుతుంటాడు. చూసినవాళ్లంతా నవ్వారు. నవ్వదగ్గ ప్రకటనే.

ఇన్ని తిట్లు తిన్న ఈ పెట్టెను విప్పి చూస్తే మాత్రం, ఇంత జాగ్రత్తగా చేసిన పని విండోస్ మొత్తంలో ఎక్కువ చోట్ల కనపడదు. తిట్లు పెట్టె మీద పడ్డాయి. పనితనమంతా పెట్టె వెనకాల ఉంది.

ముందు, ఈ పెట్టె ఎందుకు అవసరమైందో చూడాలి. విండోస్ 95, 98 కాలంలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు అధికారాల తేడా అంటూ ఏమీ లేదు. ఎవరైనా ఏ ఫైలునైనా మార్చొచ్చు. ప్రోగ్రాంలు రాసేవాళ్లూ దానికే అలవాటు పడ్డారు. తమ సెట్టింగులను ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్లోనో, యంత్రానికంతటికీ ఉమ్మడిగా ఉండే రిజిస్ట్రీ భాగంలోనో రాసుకుపోయేవాళ్లు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో అధికారాల తేడా ఉన్నా, ఇంట్లో విండోస్ ఎక్కించేటప్పుడు తయారయ్యే ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్ ఖాతాలే. పరిమిత ఖాతా పెట్టుకుంటే పాత ప్రోగ్రాంలు సగం నడిచేవి కావు. మన ఊళ్లలో నెట్ సెంటర్లూ డీటీపీ షాపులూ నడిచిందీ అలాగే. అందరూ అడ్మినిస్ట్రేటర్లే. పెన్‌డ్రైవ్‌లో ఎక్కి వచ్చిన వైరస్ కూడా అడ్మినిస్ట్రేటరే.

ఇలా ఉండకూడదన్న సంగతి కొత్తదేమీ కాదు. ఎంఐటీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లోనే కంప్యూటర్లో సమాచార రక్షణకు ఎనిమిది సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి, ఏ ప్రోగ్రామైనా తన పనికి చాలినంత అధికారంతోనే నడవాలి, అంతకు మించి ఉండకూడదు. ఇంకొకటి, రక్షణ ఏర్పాటు మనిషికి అలవాటుగా, చేతికి తేలిగ్గా ఉండాలి. లేకపోతే మనుషులు దాన్ని సరిగ్గా వాడరు. విడివిడిగా చూస్తే రెండూ మంచి మాటలే. ఒకే యంత్రంలో కలిపితే రెండూ కొట్లాడుకుంటాయి. అధికారం తగ్గించిన కొద్దీ అడగాల్సిన సందర్భాలు పెరుగుతాయి, అడిగిన కొద్దీ మనిషికి చిరాకు పెరుగుతుంది. కోట్లమంది వాడే యంత్రంలో, ముప్ఫై ఏళ్ల తర్వాత, ఈ రెంటికీ సంధి కుదర్చబోయిన ప్రయత్నమే యూఏసీ.

విస్టా ఇంజినీర్లు పట్టుకున్న ఉపాయం ఇది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లాగిన్ అయిన మనిషికి విండోస్ రెండు టోకెన్లు తయారుచేస్తుంది. టోకెన్ అంటే, ఈ ప్రోగ్రాం ఎవరి తరఫున నడుస్తోంది, ఏ గ్రూపుల్లో ఉంది, దానికి ఏయే హక్కులున్నాయి అని రాసి ఉండే గుర్తింపు పత్రం. మొదటి టోకెన్ పూర్తి అధికారాలతో ఉంటుంది. రెండోది అధికారాలు కత్తిరించినది. మన డెస్క్‌టాప్‌ను చూపించే ఎక్స్‌ప్లోరర్ ఈ కత్తిరించిన టోకెన్‌తోనే మొదలవుతుంది. మనం తెరిచే ప్రోగ్రాంలు దాని కడుపున పుట్టినవే కాబట్టి వాటికీ అదే సంక్రమిస్తుంది. ఇంటి యజమాని ఇనప్పెట్టె తాళం బీరువాలో దాచి, గదుల తాళాలు మాత్రం మొలకు దోపుకుని తిరిగినట్టన్నమాట. ఇల్లూ ఆయనదే, పెట్టే ఆయనదే. మొలతాళాలు ఎవడైనా కొట్టేసినా పెట్టెకు ఢోకా లేదు.

దీన్ని కళ్లారా చూడొచ్చు. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉండి, మామూలుగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, 'హూ యామ్ ఐ' అనే కమాండ్‌ను 'గ్రూప్స్' అనే స్విచ్‌తో నడపండి. మీరున్న గ్రూపుల జాబితా వస్తుంది. అందులో అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు కూడా ఉంటుంది. కానీ దాని పక్కన, ఈ గ్రూపు నిరాకరణకు మాత్రమే లెక్కలోకి వస్తుందని రాసి ఉంటుంది. ఒక్క క్షణం ఆగి చూడాల్సిన చోటు ఇది. అధికారం తీసేయాలంటే జాబితాలోంచి ఆ పేరు కొట్టేస్తే సరిపోయేది కదా? సరిపోదు. ఏదైనా ఫైలు మీద 'అడ్మినిస్ట్రేటర్లు దీన్ని ముట్టకూడదు' అని నిషేధం ఉందనుకోండి. పేరు కొట్టేస్తే ఆ నిషేధం ఈ మనిషికి వర్తించకుండా పోతుంది. అధికారం తగ్గించబోయి కొత్త దారి తెరిచినట్టవుతుంది. అందుకే పేరు ఉంచారు. అనుమతి ఇచ్చేటప్పుడు దాన్ని లెక్కచేయరు, కాదనేటప్పుడు చేస్తారు. మనం విసుగ్గా మూసేసే పెట్టె వెనకాల ఇంత ఆలోచన ఉంది.

అదే కమాండ్‌ను 'ప్రివ్' అనే స్విచ్‌తో నడిపితే హక్కుల జాబితా వస్తుంది. మామూలుగా తెరిచిన ప్రాంప్ట్‌లో ఐదే ఉంటాయి. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టి తెరిచిన దాంట్లో ఇరవైకి పైగా కనిపిస్తాయి. ఆ ఐదింట్లో ఒకటి టైమ్ జోన్ మార్చుకునే హక్కు. దీని వెనక కథ చూడముచ్చటగా ఉంటుంది. ఎక్స్‌పీలో పరిమిత ఖాతాలో ఉన్నవాళ్లు తెర మూల గడియారం మీద రెండుసార్లు నొక్కితే, మీకు సిస్టమ్ టైమ్ మార్చే అర్హత లేదని విండోస్ కసిరేది. పాపం, వాళ్లు చూడబోయింది క్యాలెండర్ మాత్రమే. గడియారం చూడటం, టైమ్ జోన్ మార్చడం, అసలు సమయం మార్చడం, ఈ మూడింటినీ ఒకే తలుపు వెనక పెట్టారు. విస్టాలో మూడింటినీ విడదీశారు. చూడటం అందరికీ వదిలేశారు. ల్యాప్‌టాప్ పట్టుకుని హైదరాబాద్ నుంచి దుబాయ్‌కో డాలస్‌కో వెళ్లేవాళ్లకు టైమ్ జోన్ మార్చుకోవడం నిత్యావసరం, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాబట్టి దానికంటూ ఒక హక్కును కొత్తగా సృష్టించి మామూలు ఖాతాలకు ఇచ్చారు. అసలు సమయం మార్చడాన్ని మాత్రం అడ్మినిస్ట్రేటర్‌కే ఉంచారు. ఎందుకంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారనే లాగ్ నమోదులు, నెట్‌వర్క్‌లో లాగిన్ తనిఖీలు సమయాన్ని నమ్ముకునే నడుస్తాయి. ప్రశ్న అడగకుండా ఉండటానికి చేసిన పని ఇది. కనపడదు కాబట్టి దీన్ని ఎవరూ మెచ్చుకోలేదు.

ఇక తెర మసకబారడం సంగతి. చాలామంది దీన్ని భయపెట్టే హంగు అనుకుంటారు. నిజానికి ఆ క్షణంలో మీరు మీ డెస్క్‌టాప్ మీద ఉండరు. విండోస్‌లో ఒకే తెరకు వేర్వేరు డెస్క్‌టాప్‌లు ఉంటాయి. లాగిన్ పాస్‌వర్డ్ అడిగేది ఒకటి, మనం పనిచేసేది ఒకటి. ఒక డెస్క్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రాం ఇంకో డెస్క్‌టాప్‌లోని విండోకు సందేశాలు పంపలేదు, దాని మీద బొమ్మ గీయలేదు, అక్కడి బటన్ నొక్కలేదు. ప్రశ్న అడిగే ముందు విండోస్ మీ తెరను ఒక ఫొటో తీసి, దాన్ని మసక చేసి, లాగిన్ తెర ఉండే కాపలా డెస్క్‌టాప్ మీద వెనక పరదాగా పరిచి, దాని ముందు పెట్టెను నిలబెడుతుంది. అది ఫొటో అని ఎలా తెలుస్తుందంటే, వీడియో నడుస్తుండగా ఈ పెట్టె వస్తే బొమ్మ ఆగిపోతుంది గానీ పాట ఆగదు. మూల ఉన్న గడియారంలో నిమిషం మారదు. అసలు డెస్క్‌టాప్ దాని దారిన అది వెనకాల నడుస్తూనే ఉంటుంది.

ఇంత హంగామా లేకుండా మామూలు విండోలోనే అడిగి ఉంటే? మీ తెర మీద అప్పటికే దూరిన దొంగ ప్రోగ్రాం మీ బదులు తనే 'సరే' నొక్కేసేది. లేదా పెట్టె మీద తన బొమ్మ పరిచి, 'వద్దు' ఉన్నచోట 'సరే' ఉన్నట్టు చూపించేది. మౌస్ బాణం గుర్తును కూడా నకిలీ చేయొచ్చు. మీరు ఒకచోట నొక్కుతున్నామనుకుంటే నొక్కు ఇంకోచోట పడుతుంది. ఇవన్నీ ముందే ఊహించి, ప్రశ్ననే వేరే గదిలోకి తీసుకెళ్లి అడిగారు. ఇంకో మర్యాద కూడా ఉంది. మీరు ఉత్తరం టైపు చేసుకుంటుండగా వెనకెక్కడో ఉన్న ప్రోగ్రాం అధికారం కోరితే, పెట్టె మీ ముఖాన వచ్చి పడదు. టాస్క్‌బార్‌లో మినుకుమినుకుమంటూ మీరు పిలిచేదాకా కాచుకుంటుంది. మనుషులు తలెత్తకుండా టైపు చేస్తూ, ఎంటర్ కొడుతూ, తెలియకుండానే సరేననేస్తారని విస్టా ఇంజినీర్లకు తెలుసు.

పెట్టె మీది మాటల్లోనూ ఇంతే పొదుపు. విస్టాలో విండోస్ సొంత భాగాలకు అనుమతి అడిగేటప్పుడు ఒక్క వాక్యం ఉండేది. ఈ పని మొదలుపెట్టింది మీరే అయితే కానివ్వండి, అని దాని సారం. టోకెన్లు, హక్కులు, సర్టిఫికెట్లు ఏమీ తెలియని మనిషి కూడా జవాబివ్వగల ప్రశ్న అదొక్కటే. రంగులూ ఊరికే వేయలేదు. విండోస్ సొంతవాటికి నీలి-ఆకుపచ్చ, తయారీదారు సంతకం సరిచూసినవాటికి బూడిద రంగు, ఊరూ పేరూ తెలియనివాటికి పసుపు, నిషేధించినవాటికి ఎరుపు. ఊరూ పేరూ తెలియనిదాని విషయంలో 'ఆపండి' ముందు, 'కానివ్వండి' తర్వాత. ఒక్కోదాని కింద ఎందుకు నొక్కాలో ఒక చిన్న వాక్యం. ఇది ఎక్కడినుంచి వచ్చిందో, ఎందుకో నాకు తెలియదు అని మొదటిదాని కింద. ఇది నాకు తెలుసు, ఇంతకుముందు వాడాను అని రెండోదాని కింద. బటన్ మీద పేరు రాసి ఊరుకోకుండా, నొక్కేవాడి మనసులో ఉండాల్సిన కారణాన్ని రాశారు. ఇంకా ముందే హెచ్చరించడానికి చిన్న డాలు బొమ్మ ఉంది. ఏ బటన్ నొక్కితే ప్రశ్న వస్తుందో ఆ బటన్ మీదే డాలు కనిపిస్తుంది. నొక్కకముందే సంగతి తెలుస్తుంది.

ఒకసారి సరే అన్నాక ఆ అధికారం ఆ ప్రోగ్రాంకూ, అది తెరిచేవాటికీ మాత్రమే. లినక్స్‌లో, మ్యాక్‌లో అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇచ్చే సూడో కమాండ్ సాధారణంగా ఒకసారి పాస్‌వర్డ్ ఇస్తే కొన్ని నిమిషాలు గుర్తుపెట్టుకుంటుంది. యూఏసీ గుర్తుపెట్టుకోదు. ఆ కొన్ని నిమిషాల సందులో ఇంకెవరైనా దూరకూడదని. అధికారం పొందిన ప్రోగ్రాం చుట్టూ ఇంకో గోడ కూడా కట్టారు. విస్టా నుంచి ప్రతి ప్రోగ్రాంకూ ఒక నమ్మక స్థాయి ఉంటుంది. తక్కువ, మధ్యమం, ఎక్కువ, సిస్టమ్ అని నాలుగు మెట్లు. మామూలు ప్రోగ్రాంలు మధ్యమంలో, అనుమతి పొందినవి ఎక్కువలో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 రక్షిత పద్ధతిలో తక్కువలో నడిచేవి. కింది మెట్టు మీదున్నది పై మెట్టు మీదున్న విండోకు ఆజ్ఞల్లాంటి సందేశాలు పంపలేదు. 2002లో 'షాటర్' దాడుల పేరుతో బయటపడిన పాత లొసుగుకు ఇది జవాబు. అప్పట్లో ఒకే డెస్క్‌టాప్ మీదుంటే చాలు, చిన్న ప్రోగ్రాం పెద్ద ప్రోగ్రాం విండోకు సందేశం పంపి దానిచేత తన కోడ్ నడిపించగలిగేది. ఈ గోడకు మనం కట్టే మూల్యం కూడా ఒకటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన నోట్‌ప్యాడ్‌లోకి ఫోల్డర్ నుంచి ఫైలు లాగి వదిలితే పడదు. 'ఇది పాడైంది' అని చాలామంది మౌస్‌ను కొడతారు. పాడవలేదు, ఫైలును తీసుకొచ్చింది కింది మెట్టు మీది ఎక్స్‌ప్లోరర్, అంతే.

పాత ప్రోగ్రాంల పట్ల చూపిన దయ వేరే ముచ్చట. ప్రోగ్రాం ఫైల్స్‌లో రాసే అలవాటున్న పాత 32 బిట్ ప్రోగ్రాంను రాయనివ్వకపోతే అది కూలిపోతుంది. రాయనిస్తే రక్షణ పోతుంది. అందుకని, రాసినట్టే నమ్మించి, ఆ రాతను ఆ మనిషి సొంత ఫోల్డర్లలో 'వర్చువల్ స్టోర్' అనే చోటికి మళ్లించారు. మళ్లీ చదవబోతే అక్కడినుంచే తెచ్చి ఇస్తారు. ప్రోగ్రాంకు తేడా తెలియదు, యంత్రానికి నష్టం లేదు. ఎగ్జిక్యూటబుల్ ఫైళ్లకు మాత్రం ఈ సౌకర్యం లేదు, 64 బిట్ ప్రోగ్రాంలకు అసలే లేదు. కొత్తగా రాసేవాళ్లు బుద్ధిగా రాయాలి.

ఇక్కడే అసలు సంగతి బయటపడుతుంది. ఈ పెట్టె మనతో మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది గానీ, దాని మాట సగం ప్రోగ్రాంలు రాసేవాళ్లకు. 2008 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్‌ఎస్‌ఏ సదస్సులో మైక్రోసాఫ్ట్ మేనేజరు డేవిడ్ క్రాస్ ఈ మాట దాచుకోకుండా చెప్పారు. యూఏసీని పెట్టిందే వాడేవాళ్లకు చిరాకు తెప్పించడానికి అన్నారు. వాళ్ల చిరాకు సాఫ్ట్‌వేర్ కంపెనీల మీదికి మళ్లితే, అడ్మినిస్ట్రేటర్ అధికారం లేకుండా నడిచేలా ఆ కంపెనీలు తమ ప్రోగ్రాంలను తిరగరాస్తాయని లెక్క. లెక్క తప్పలేదు. మైక్రోసాఫ్ట్ 2008లో చెప్పిన వివరాల ప్రకారం, ఏడాది తిరిగేసరికి ఇలాంటి ప్రశ్నలు పుట్టించే ప్రోగ్రాంలూ పనులూ సుమారు 7 లక్షల 75 వేల నుంచి 1 లక్ష 68 వేలకు తగ్గాయి. మైక్రోసాఫ్ట్ తన ఇంటినీ సర్దుకుంది. రక్షిత ఫోల్డర్లో కొత్త ఫోల్డర్ చేసి పేరు పెట్టాలంటే విస్టా మొదట్లో నాలుగుసార్లు అడిగేది. 2008లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్‌తో అది ఒకటికి దిగింది.

మెచ్చుకుంటున్నాం కదా అని లోపాలు దాచనక్కర్లేదు. కంపెనీల మీద పడాల్సిన చిరాకును మొదట మోసింది మామూలు మనుషులే. పదేపదే అడిగితే చెయ్యి తనంతట తనే 'సరే' మీదికి పోతుంది. ఆ అలవాటు పడ్డాక పెట్టె ఉన్నా లేనట్టే. దీన్ని తగ్గించాలని 2009 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 7లో నాలుగు మెట్ల స్లైడర్ పెట్టారు. విండోస్ సొంత సెట్టింగులు కొన్నింటిని అడగకుండానే అనుమతించారు. విడుదలకు ముందే అందులో తిరకాసు బయటపడింది. యూఏసీని ఆపేసే సెట్టింగ్ కూడా ఆ అడగనివాటి జాబితాలో ఉందని, చిన్న స్క్రిప్ట్‌తో దాన్ని చప్పుడు లేకుండా ఆపేయొచ్చని బ్లాగర్లు లాంగ్ జెంగ్, రఫాయెల్ రివేరా చూపించారు. మైక్రోసాఫ్ట్ మొదట సమర్థించుకున్నా, చివరికి సరిదిద్దింది. అసలు యూఏసీ దొంగను పూర్తిగా ఆపే సరిహద్దు కాదని మైక్రోసాఫ్ట్‌కే చెందిన మార్క్ రస్సినోవిచ్ 2007లోనే రాశారు. కత్తిరించిన టోకెన్, పూర్తి టోకెన్ రెండూ ఒకే ఖాతావి, ఒకే ఫోల్డర్లను పంచుకుంటాయి. ఆ సందులోంచి దూరే ఉపాయాలు అప్పటినుంచీ పుడుతూనే ఉన్నాయి. 2024లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కొత్త పద్ధతిలో అధికారమున్న పనిని విడిగా దాచిన ఖాతాతో చేయించాలని చూడటం ఈ లోటు పూడ్చడానికే.

ఇవన్నీ కలుపుకున్నా నా తీర్పు మారదు. ఎక్స్‌పీ కాలపు పాత ప్రోగ్రాంలను కూల్చకుండా, కోట్లమందిని అడ్మినిస్ట్రేటర్ గద్దె మీదనుంచి వాళ్లకే తెలియకుండా దించడం చిన్న పని కాదు. ఈరోజు మనం బ్రౌజర్ తెరిచినా, ఉత్తరం రాసినా, సినిమా చూసినా కత్తిరించిన అధికారంతోనే చేస్తున్నాం, ఆ పెట్టె కనపడకుండానే రోజులు గడుస్తున్నాయి. తనను తాను అరుదుగా మార్చుకున్నదే దాని గెలుపు.

కాబట్టి పాఠకులకు చిన్న మనవి. ఎవరో చెప్పారని స్లైడర్‌ను అట్టడుక్కి లాగకండి. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ రోజువారీ పనికి మామూలు ఖాతానే ఇవ్వండి. ఈసారి తెర మసకబారినప్పుడు రెండే రెండు చూడండి. ఈ పని మొదలుపెట్టింది నేనేనా? పబ్లిషర్ అన్నచోట నాకు తెలిసిన పేరే ఉందా? రెంటికీ అవునని చెప్పలేకపోతే, 'నో' నొక్కండి. నిజంగా కావలసిన పనైతే మళ్లీ మీరే మొదలుపెట్టుకోవచ్చు.